అడవిలో దారి ఊరికే పడదు

విస్కాన్సిన్ రాష్ట్రంలో బారబూ అనే చిన్న ఊరి పక్కన డెవిల్స్ లేక్ స్టేట్ పార్కు ఉంది. మాడిసన్ నుంచి కారులో గంట లోపు, షికాగో నుంచి మూడు గంటల పైమాట. ఆ రెండు నగరాల చుట్టూ చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు ఎండాకాలం శని, ఆదివారాల్లో అక్కడికి కుటుంబాలతో చేరుతుంటారు. దక్షిణపు ఒడ్డున పచ్చిక మీద దుప్పట్లు పరుస్తారు. పులిహోర డబ్బాలు విప్పి, పిల్లల్ని నీళ్లలోకి వదిలి, పొద్దు వాలాక ఇళ్లకు మళ్లుతారు. అలా వచ్చినవాళ్లలో వెనకనున్న కొండ మీదికి ఎక్కేది కొద్దిమందే. ఆ కొద్దిమందీ పైనుంచి సరస్సు ఎంత బాగుందో చెబుతారు కానీ, తమను అంత ఎత్తుకు చేర్చిన మెట్ల సంగతి ఎత్తరు. ఈ వారం నాకు ఆ మెట్ల గురించే రాయాలనుంది.

ముందు ఆ చోటు గురించి నాలుగు మాటలు. అక్కడి కొండలు క్వార్ట్‌జైట్ రాయి. సుమారు 170 కోట్ల ఏళ్ల కిందటి ఇసుక, పైబరువుకూ వేడికీ గట్టిపడి, గులాబీ ఊదా కలిసిన రంగులో బండలైంది. కొన్ని బండల మీద ఆనాటి నీళ్లు ఇసుకలో వదిలిన అలల చారలు ఇప్పటికీ వేళ్లకు తగులుతాయి. ఈ కొండల నడుమ లోయను ఎప్పుడో ఒక నది కోసింది. చివరి మంచుయుగంలో హిమానీనదం వచ్చి లోయ రెండు కొసల్లోనూ రాళ్లూ మట్టీ కుప్పపోసి కరిగిపోయింది. మనం చెరువుకు పల్లం వైపున కట్ట వేస్తాం. అక్కడ మంచు రెండు వైపులా కట్ట వేసింది. మధ్యలో నిలిచిన నీళ్లే ఈ సరస్సు. విస్తీర్ణం సుమారు 360 ఎకరాలు, తూర్పునా పడమటా 500 అడుగుల ఎత్తున నిటారు కొండలు, వాటి మీద ఓక్, పైన్, మేపుల్ చెట్ల అడవి. హో-చంక్ ప్రజలకు ఇది పవిత్ర సరస్సు. వెయ్యేళ్ల కిందట ఇక్కడి ఆదివాసులు పక్షి, జంతువుల ఆకారాల్లో పోసిన మట్టిదిబ్బలు ఒడ్డున ఇంకా ఉన్నాయి. 19వ శతాబ్దంలో అమెరికా ప్రభుత్వం హో-చంక్ ప్రజలను తమ నేల నుంచి పదే పదే తరిమింది. వాళ్లు పదే పదే తిరిగొచ్చారు.

1873లో రైలు వచ్చింది. సరస్సు తూర్పు ఒడ్డు వెంటే పట్టాలు వేశారు. దాంతో హోటళ్లు పెరిగాయి, ఆపైన రాయి కోసం క్వారీ కూడా వచ్చింది. అదే ఊపులో సాగి ఉంటే కొండలో సగం ముక్కలై వ్యాగన్లకెక్కి పోయేది. 1909లో జాన్ నోలెన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ విస్కాన్సిన్‌లో ఏయే చోట్లను ప్రజల కోసం కాపాడాలో చెబుతూ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. అందులో ఈ సరస్సూ ఉంది. 1911లో ఇది స్టేట్ పార్కు అయింది. ఇప్పుడు విస్తీర్ణం 9,000 ఎకరాలు దాటింది, ఏడాదికి 20 లక్షలకు పైగా జనం వస్తున్నారు. పార్కు అని పేరు పెట్టినంత మాత్రాన వీళ్లందరూ కొండ మీదికి ఎలా పోగలరు? ఆ జవాబు 1930లలో దొరికింది.

మహామాంద్యం రోజులు. చదువు ఆగిపోయి, పని దొరక్క వీధుల్లో తిరుగుతున్న యువకులు అమెరికా నిండా ఉన్నారు. 1933లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ సివిలియన్ కన్జర్వేషన్ కోర్ ప్రారంభించి వాళ్లను అడవుల్లో, పార్కుల్లో పనికి పంపాడు. నెలకు 30 డాలర్ల జీతం. అందులో 25 నేరుగా ఇంటికి వెళ్లేవి, ఐదు కుర్రాడి చేతికి వచ్చేవి. తిండీ బట్టా వసతీ శిబిరంలోనే. డెవిల్స్ లేక్ దగ్గర 1935 నుంచి 1941 దాకా అలాంటి శిబిరం నడిచింది. సుమారు రెండువందల మంది ఉండేవాళ్లు. ఇవాళ మనం తొక్కే బాటల్లో చాలా భాగం, కొండ మీదికి పోయే రాతి మెట్లు, పార్కులోని పాత రాతి భవనాలు వాళ్ల చేతిపనే. ఒక చిన్న బాటకు ఆ సంస్థ పొడి అక్షరాల పేరే పెట్టారు: సీసీసీ ట్రెయిల్. మెట్లు పరిచిన కుర్రాళ్ల పేర్లు మాత్రం ఏ రాతి మీదా నాకు కనిపించలేదు. వాళ్ల ఇళ్లకు వెళ్లిన ఆ 25 డాలర్లతో ఎన్ని పొయ్యిలు వెలిగి ఉంటాయో అనుకుంటూ ఎక్కుతాను నేను.

దక్షిణపు ఒడ్డు నుంచి తూర్పు కొండకు పోయే బ్యాలెన్స్‌డ్ రాక్ ట్రెయిల్ పొడవు మైలులో సగం కూడా లేదు. అయినా మోకాళ్లు వణుకుతాయి. కొండచరియ నుంచి విరిగిపడ్డ బండల గుట్ట మీదుగా, ఉన్న రాయినే సర్ది, మెట్టు మీద మెట్టు పేర్చుకుంటూ పోయారు. సిమెంటు పోసినట్టు కనిపించదు, కొండే మెట్లుగా మారినట్టు ఉంటుంది. పనితనం అక్కడే ఉంది. బాట వేయడమంటే చెట్లు కొట్టి చదును చేయడం కాదు. జనం తమంతట తాము తొక్కిన దారి నేరుగా వాలు వెంట దిగుతుంది. వాన పడగానే నీళ్లు అదే దారి పడతాయి. నాలుగు వానలకు అది కాలువవుతుంది, పది వానలకు గండి పడుతుంది. చెట్ల వేళ్లు బయటపడతాయి. నడవడం కష్టమై జనం పక్కకు తొక్కుతారు, దారి మూడింతలు వెడల్పవుతుంది, దాంతో పాటు అడవి అంచు కూడా చస్తుంది. పని తెలిసినవాళ్లు వేసిన బాట వాలుకు అడ్డంగా వంకర్లు తిరుగుతూ ఎక్కుతుంది. అక్కడక్కడా రాయిని ఏటవాలుగా పాతి నీటిని పక్కకు మళ్లిస్తారు. మరీ నిటారైన చోట మెట్లు వస్తాయి. మెట్లు సుఖంగా ఉంటే ఎవరూ పక్కకు పోరు. అలా మెట్టు మనిషి కాలిని కాపాడుతూనే పక్కనున్న మొక్కనూ కాపాడుతుంది.

ఈ కొండ అంచుల్లో మట్టి చాలా పలచన. రాతి పగుళ్లలో వేళ్లూనుకున్న గిడస చెట్లు, బండల మీద పాకిన నాచు పెరగడానికి ఏళ్లకేళ్లు పడుతుంది, పోవడానికి ఒక్క సెలవురోజు గుంపు చాలు. 20 లక్షల మంది వచ్చే చోట అవి ఇంకా బతికి ఉన్నాయంటే, పాదాలు ఎక్కడ పడాలో ఎవరో ముందే ఆలోచించి పెట్టినందుకే. జనాన్ని రానివ్వకుంటేనే అడవి బతుకుతుందని మన దగ్గర చాలామంది అటవీ అధికారులు నమ్ముతారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ దారి లేని చోటికే జనం నానా దారులు చేసుకుని పోతారు. ఒక్క మంచి బాట వంద అడ్డదారుల్ని మాన్పిస్తుంది.

పడమటి కొండ బాట నెమ్మది, చూపు విశాలం. దాని కింద సరస్సు పక్కనే బండల గుట్టల నడుమ సాగే టంబుల్డ్ రాక్స్ ట్రెయిల్ దాదాపు చదును. కొండ ఎక్కలేని తల్లిదండ్రులు ఇండియా నుంచి వస్తే ముందు దాని మీద నడిపించండి. పైన బండ అంచుల్లో రెయిలింగులు ఉండవు, తడిసిన క్వార్ట్‌జైట్ బాగా జారుతుంది, పిల్లల చెయ్యి వదలకూడదు. విస్కాన్సిన్ అంతా చుట్టే ఐస్ ఏజ్ ట్రెయిల్, వెయ్యి మైళ్లకు పైబడ్డ కాలిబాట, ఈ పార్కు మీదుగానే పోతుంది. చెట్ల మీద పసుపు రంగు పట్టీలు కనిపిస్తే అదే. దాన్ని చాలావరకు స్వచ్ఛంద సేవకులే నిలబెడుతున్నారు.

అక్కడంతా సవ్యంగా ఉందని నేను చెప్పను. 2015లో విస్కాన్సిన్ ప్రభుత్వం స్టేట్ పార్కుల నిర్వహణకు సాధారణ పన్నుల సొమ్ము ఇవ్వడం మానేసింది. కార్ల ప్రవేశ రుసుము, గుడారాల అద్దె, అలాంటి రాబడి మీదే నెట్టుకురమ్మంది. ఇది తప్పని నా అభిప్రాయం. రైతు, దుకాణదారు, కారు లేని విద్యార్థి, అందరి పన్నుతోనూ నిలవాల్సింది పార్కు. రుసుము పెంచుకుంటూ పోతే నడక కూడా ఉన్నవాళ్ల వినోదమైపోతుంది. మరమ్మతు ఆగితే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. పక్కనే పార్‌ఫ్రేస్ గ్లెన్ అనే ఇరుకు లోయ ఉంది. 2008 వరదలకు అక్కడి బాట కొట్టుకుపోయింది, పై భాగాన్ని మళ్లీ వేయలేదు. ఇప్పుడు వాగులో రాళ్ల మీద అడుగులేసుకుంటూ పోవాలి. ఆ లోయను దాని మానాన వదలడం సబబే కావచ్చు. అయితే వదలడం కూడా ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయం కావాలి, మన దగ్గర జరిగినట్టు పట్టించుకోకపోవడం వల్ల కాదు.

మనకు ఈ పని కొత్తా? 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినట్టు చరిత్రలో ఉంది. నల్లమలలో నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా పోయే పాత బాటలో శివరాత్రికి భక్తులు ఇప్పటికీ నడుస్తున్నారు. అడవిలో బాటసారికి మెట్టు వేయడం పుణ్యకార్యమనీ, పాలకుడు చేయాల్సిన పనుల్లో ఒకటనీ మన పెద్దలకు తెలుసు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కగలిగిన జాతికి కొండ నడక చేతకాదనడం అబద్ధం. దేవుడి కొండలకు మెట్లున్నాయి, మిగతా కొండలకు లేవు. అంతే తేడా.

పాకాల చెరువునే తీసుకోండి. వరంగల్ జిల్లాలో నర్సంపేట దాటాక, కాకతీయ గణపతిదేవుడి కాలంలో కొండల మధ్య కట్టిన చెరువు. చుట్టూ అడవి, నీళ్లలో కొండల నీడలు. అందంలో డెవిల్స్ లేక్‌కు ఏ మాత్రమూ తీసిపోదు, పైగా ఎనిమిది వందల ఏళ్ల మనుషుల శ్రమ అందులో ఉంది. వచ్చినవాళ్లలో చాలామంది కట్ట మీద నిలబడి, ఫొటో దిగి, వెనక్కి మళ్లుతారు. పైనుంచి ఆ చెరువు ఎలా ఉంటుందో వరంగల్ పిల్లలకే తెలియదు. ఇలాంటి చోట్లకు డబ్బు మంజూరైతే వేలాడే వంతెన, గాజు వంతెన, కాటేజీలు అంటారు. వంతెన మీద జనం పది నిమిషాలు నిలబడతారు. బాట మీద ఒక పూట గడుపుతారు, చెట్ల పేర్లు అడుగుతారు, మళ్లీ వస్తారు.

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చాక మన పల్లెల్లో ఎన్నో చెరువుల పూడిక తీశాం, గట్లు వేశాం, మొక్కలు నాటాం. రాయి పేర్చడం, నీటిని మళ్లించడం, వాలు చూసి తవ్వడం తెలిసిన చేతులు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. నల్లమలలో చెంచులకు, పాకాల చుట్టుపక్కల గూడేల్లో, తండాల్లో ఉన్నవాళ్లకు ఆ అడవి ఇంటి ఆవరణ లాంటిది. పని వాళ్లకే ఇవ్వాలి, తర్వాత దారి చూపే ఉద్యోగమూ వాళ్లదే కావాలి. పులుల అభయారణ్యం లోపలి భాగాల్లోకి బాటలు వద్దు, వాటిని పులికే వదిలేద్దాం. పట్టణాలకు దగ్గరగా ఉన్న అడవులు చాలు: పాకాల, వికారాబాద్ అనంతగిరి, విశాఖ కంబాలకొండ. కాస్తో కూస్తో బాటలున్న చోట వాటినే పద్ధతిగా తిరిగి వేయవచ్చు. మలుపు మలుపుకీ తెలుగులో దూరం, ఎక్కుడు ఎంతో రాసిన చిన్న రాయి ఉండాలి. ప్లాస్టిక్ సంచిని ఆపే తనిఖీ బాట మొదట్లోనే ఉండాలి.

పాకాలలో మొదటి ఏడాది నాలుగు కిలోమీటర్లు వేస్తే చాలు. రెండో ఏడాది వానలు వెలిశాక అదే ముఠా మళ్లీ కొండెక్కి, ఏ మెట్టు కదిలింది, నీళ్లు ఎక్కడ కోశాయి అని చూసుకుంటూ పైదాకా పోవాలి. ఆ రెండో ఏడాది కూలికి పద్దు మొదటి ఏడాది బడ్జెట్‌లోనే రాసి పెట్టాలి.