మీటరులోని చిన్న దీపం



క్రిందటి అక్టోబరులో మేము ఇంగ్లండులో మూడు వారములు ఉండి వచ్చాము. మా పెద్దక్క కుమారుడు ఆక్స్‌ఫర్డు దగ్గర ఉద్యోగం చేయుచున్నాడు. అతని భార్య అక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆ ప్రయాణ విశేషములు వ్రాయమని చాలమంది అడుగుచున్నారు గాని అవి మరొక నెల చూచుకొందము. ఈ నెల ఒక పాత కారును గూర్చి, దానిలోని గోరంత బల్బులను గూర్చి వ్రాయదలచాము. కారుతో మాకేమి పని అని పేజీ త్రిప్పవద్దు. యింట ట్రాక్టరు గాని, పాత జీపు గాని ఉన్నవారికి ఇందులో పనికివచ్చే సంగతి కొంత ఉన్నది.

మేము వెళ్లిన మూడవ రాత్రి రీడింగు పట్టణంలో ఒక తెలుగువారి యింట భోజనం చేసి తిరిగి వచ్చుచున్నాము. బండికి సీట్లు రెండే. అక్టోబరు గనుక ఆరున్నరకే చీకటి పడిపోయినది, మేము బయలుదేరునప్పటికి తొమ్మిది దాటినది. ఒక గ్రామములో ప్రవేశించగానే మావాడు, "మామయ్యా, కాస్త మీ ఫోను లైటు ఆ గుండ్రటి మీటరు మీద వేయండి" అన్నాడు. వేశాము. ముల్లు 41 దగ్గర ఉన్నది. అక్కడ హద్దు 30 మైళ్లు. వాడు బ్రేకు నొక్కాడు. ఇంతలో మా ఫోను వెలుగు ముందద్దము మీద పడి తిరిగి వాడి కండ్లలోనే కొట్టినది. "ఆపండి, ఆపండి, రోడ్డు కనబడడం లేదు!" అని కేక వేశాడు. ఇంటికి చేరువరకు మాకు మరి మాట రాలేదు.

ఆ కారు పేరు ఎమ్.జి.బి. ఆక్స్‌ఫర్డుకు దక్షిణాన ఏబింగ్డన్ అను ఊరిలో 1962 నుండి 1980 వరకు 5 లక్షలకు పైగా తయారు చేశారు. 1980లో ఆ ఫ్యాక్టరీయే మూసివేశారు. మావాడిది 1970వ సంవత్సరపు బండి. మన అంబాసిడరును ఎరిగినవారు దీని బానెట్టు ఎత్తి చూస్తే ఎక్కడో చూచిన ముఖమే అనుకొందురు. 1489 సి.సి. అంబాసిడరు ఇంజనూ, ఎమ్.జి.బి.లోని 1798 సి.సి. ఇంజనూ ఒకే తల్లి పిల్లలు. పరిచర్యకు రాకముందు మేము ఏలూరులో ఒక ఆటో ఎలక్ట్రీషియను దగ్గర రెండేండ్లు పని నేర్చుకొన్నాము. అప్పుడు అంబాసిడరు టాక్సీల క్రింద పడుకొన్న రోజులే ఎక్కువ. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది గాని చేతులు ఆ పనిని మరచిపోలేదు.

మీటరు దీపం లేకపోతే ఏమి, హెడ్‌లైటు ఉన్నది గదా అని కొందరు అనవచ్చు. మావాడు కూడ అట్లే అనుకొన్నాడట. ముందటి చలికాలములో ఒక రాత్రి రేడియేటరు గొట్టము చీలి నీరు కారిపోయినది. నీటి వేడి చూపే ముల్లు మెల్లగా పైకెక్కినది. చీకటిలో అది కనబడలేదు. బానెట్టు సందులలోనుండి ఆవిరి రావడం చూచి బండి ఆపేసరికి హెడ్ గాస్కెట్టు కాలిపోయినది. ఇంజను విప్పి చేయించడానికి వాడికి ఒక నెల జీతములో సగం పోయినదట. ఆ బండిలో ఆయిలు ఒత్తిడి, నీటి వేడి రెండూ ఒకే గుండ్రటి మీటరులో పైనొకటి క్రిందొకటిగా ఉండును. ఇంజను ప్రాణము ఆ రెండు ముండ్లే చెప్పవలెను. వాటిని చూపించేది 2.2 వాట్ల బల్బు. మన యింటిలో రాత్రిపూట వేసుకొను జీరో బల్బు ముందు కూడ అది నిలువదు.

ఆ సంగతి జరిగిన తరువాత మావాడు ఎల్.ఇ.డి. బల్బులు తెప్పించి డాష్‌బోర్డులో ఉన్న పాత బల్బులన్నిటిని తీసి వీటిని పెట్టాడు. మీటర్లు వెలిగినవి. అయితే ఎల్.ఇ.డి. వెలుగు టార్చిలైటు వలె ఒక ప్రక్కకే పోవును గనుక డయలు మీద ఒకచోట తెల్లని మచ్చ, మిగతాచోట్ల చీకటి. దానికి తోడు రెండవ వారములో బండి నడిరోడ్డు మీద ఆగిపోయినది. బ్యాటరీ ఖాళీ. ఆ బండిలో సీట్ల వెనుక నేల క్రింద 6 వోల్టుల బ్యాటరీలు రెండు జతగా ఉండును. రెండూ క్రొత్తవి వేయించాడు. మరల ఖాళీ! కోపము వచ్చి ఎల్.ఇ.డి.లన్నీ పీకి పాత బల్బులే బిగించాడు. ఛార్జింగు దానంతటదే బాగయినది. ఎందుకు పాడయినదో, ఎందుకు బాగయినదో వాడికి తెలియలేదు. మేము ఎక్కినది ఆ స్థితిలోని బండిని.

వాడు ఇది చెప్పగానే మేము నవ్వాము. నవ్వినందుకు కోడలు కొంచెం నొచ్చుకొన్నది. "మామయ్యగారూ, రాత్రి డ్యూటీకి ఆ బండిలో నన్ను దింపుతానంటున్నారు. నేను ఎక్కను. ఈ పని అయితే చేయించమనండి, లేదా బండి అమ్మేయమనండి" అన్నది. అమ్ముట అను మాట వినగానే మావాడి ముఖము చూడవలసినది.

మేము నవ్విన కారణము ఇది. తాళం త్రిప్పగానే డాష్‌బోర్డులో ఎఱ్ఱగా వెలిగే ఛార్జింగు దీపం ఉన్నది గదా, అది ఉట్టి సూచన దీపం కాదు. ఆ తరము ఆల్టర్నేటరులో, బ్యాటరీ నుండి బయలుదేరిన కొద్దిపాటి కరెంటు ఆ బల్బు గుండా పోయి లోపలి చుట్టకు అయస్కాంత శక్తి ఇచ్చును. అప్పుడే ఆల్టర్నేటరు కరెంటు పుట్టించడం మొదలుపెట్టును. బోరింగు పంపులో మొదట ఒక చెంబు నీరు పోసి కొట్టినట్లు. ఎల్.ఇ.డి. మీదుగా వెళ్లే కరెంటు ఆ చెంబులో చుక్క పాటి. అది చాలక ఆల్టర్నేటరు నిద్రపోవును, బండి బ్యాటరీ మీదనే నడిచి నడిచి ఆగును. కాబట్టి మిగతా ఏ దీపము మార్చినా ఛార్జింగు దీపములో పాత తీగె బల్బునే ఉంచవలెను. ఇది పాత ట్రాక్టర్లలో ఎఱ్ఱ దీపముతో ఆల్టర్నేటరు ఉన్నవారికి కూడ వర్తించును. ఆ దీపము మాడిపోయినా పట్టించుకోకుండ "డైనమో పోయినది" అని ఆల్టర్నేటరునే మార్పించిన రైతును మేము ఏలూరులోనే ఎరుగుదుము.

ఆ శనివారము ఉదయము పని మొదలుపెట్టాము. మొదట బ్యాటరీ వద్ద మీటరు పెట్టి చూస్తే, దీపములు వేసియున్నప్పుడు 12.2 వోల్టులు ఉన్నది. మీటరు వెనుక బల్బు హోల్డరు దగ్గర 9.8 మాత్రమే. మిగతా 2.4 వోల్టులు దారిలో ఎవరో తినివేయుచున్నారు. తీగె బల్బు గుణమేమనగా, వోల్టేజి నూటికి పది తగ్గితే వెలుగు నూటికి ముప్పై తగ్గును. ఈ లెక్కన ఆ బల్బు ఇవ్వవలసిన వెలుగులో సగం కూడ ఇవ్వడము లేదు. బల్బు మీద కోపపడి ప్రయోజనమేమి? ఆ దేశములో పాత బండ్ల వైరింగు చేసిన కంపెనీని "చీకటి రాజకుమారుడు" అని ఎగతాళి చేయుదురట. యాభై ఏండ్లకు పైగా తడిలో, మంచులో ఉన్న తీగెను ఒక్కసారి కూడ తుడవకుండ అట్లు అనుట మాకు న్యాయముగా తోచలేదు.

తినివేసినవారు ఇద్దరు. ఒకటి, మీటర్ల వెలుగు ఎక్కువ తక్కువ చేసే బుడిపె. మన ఫ్యాను రెగ్యులేటరు వంటిదే. లోపల చుట్టిన తీగె మీద ఒక రేకు జరుగును. ఏండ్ల తరబడి త్రిప్పకపోతే అక్కడ మసి, త్రుప్పు పట్టును. దాని రెండు కొసలకు ఒక తీగె ముక్క కలిపి చూడగానే వెలుగు పెరిగినది. అనగా 1.3 వోల్టులు అక్కడ పోవుచున్నవి. కాంటాక్టులు శుభ్రపరచే స్ప్రే కొట్టి, ఇటు అటు ముప్పై నలభై సార్లు త్రిప్పగా సరిపడినది. రెండవది ఎర్తు. మీటర్ల వెనుక నల్ల తీగెలు ఒక మరకు బిగించియున్నవి. ఆ మర క్రింద రేకు పచ్చబారియున్నది. విప్పి, సన్న గరుకు కాగితముతో మెరియువరకు రుద్ది, గట్టిగా బిగించాము. మిగిలిన 1.1 వోల్టు అక్కడే ఉన్నది. బల్బు హోల్డర్లను కూడ అట్లే రుద్దాము. ఇప్పుడు హోల్డరు దగ్గర 11.9. లెక్క ప్రకారము వెలుగు దాదాపు రెండింతలు. రూపాయి బల్బు కొనలేదు, గమనించండి.

పాత బల్బులు విప్పి చూస్తే గాజు లోపల నల్లగా పొగచూరినట్లున్నది. తీగె కొంచెం కొంచెంగా ఆవిరై గాజుకు అంటుకొన్న మచ్చ అది. ఆ బల్బులు వెలుగుచున్నా పనికిరావు. అదే 2.2 వాట్లవి క్రొత్తవి వేశాము. వాట్లు పెంచుదామని మావాడు అడిగితే వద్దన్నాము. ఆ చిన్న పెట్టెలో వేడి పెరిగి రంగు, ప్లాస్టిక్కు కాలును.

అసలు కష్టమైన పని మీటరు తెరచుట. డబ్బా లోపలి గోడకు తెల్లరంగు వేసియుండును. బల్బు వెలుగు నేరుగా డయలు మీద పడదు, ఆ తెల్లగోడకు తగిలి చెదరి వచ్చును. ఆ గోడ పసుపుబారి మట్టి కొట్టుకొని ఉన్నది. సున్నము వేసి పదేండ్లయిన వంటగది గోడ వలె. ముందరి నికెలు చట్రమును మెల్లగా త్రిప్పితే దాని పండ్లు డబ్బా గంట్లకు ఎదురుగా వచ్చి ఊడి వచ్చును. డయలును, ముల్లును వ్రేలితో ముట్టకూడదు. ముట్టిన గుర్తు మరి పోదు. లోపలి గోడకు తెల్ల ఎనామిలు పలుచగా వేసి, రాత్రంతా ఆరనిచ్చాము. తడి రంగు మీద మూత బిగిస్తే ఆ ఆవిరి అద్దమునకు లోపల పట్టి మొదటికే మోసము వచ్చును. ఆయిలు, నీటి మీటరును మాత్రము పూర్తిగా బయటికి లాగలేదు. దాని వెనుక ఆయిలు గొట్టము, ఇంజను వరకు పోయే వెండ్రుక వంటి రాగి గొట్టము ఉన్నవి. ఆ సన్న గొట్టము ఒక్కసారి మడత పడితే మీటరు చచ్చిపోవును. స్టీరింగు క్రింద వెల్లకిల పడుకొని, దానిని నాలుగు అంగుళములు మాత్రమే ముందుకు జరిపి, వ్రేలికి గుడ్డ చుట్టి తుడిచాము. నలభై దాటిన నడుముకు ఆ పని తగదని మరునాడు తెలిసినది.

సోమవారము సాయంత్రము మరల చీకటిలో బయలుదేరాము. ఈసారి మీటర్లు నాలుగూ వెన్నెల పడినట్లు సమముగా కనబడినవి. మావాడికి ఇంకా ఆశ. ఇంటికి రాగానే ఆ ఎల్.ఇ.డి.లను దాచిన డబ్బా తీసి, ఛార్జింగు దీపము మాత్రము వదలి, మిగతావాటిలో పెట్టి చూచాడు. తెల్లగోడ శుభ్రమైనందున ఇప్పుడు మచ్చలు తగ్గినవి. వెలుగు బహు ఎక్కువ. అయితే బుడిపె త్రిప్పితే తగ్గలేదు. అవి తాగే కరెంటు అంత తక్కువ గనుక ఆ పాత రెగ్యులేటరుకు వాటి మీద పట్టు లేదు.

ఇక్కడ మావాడికీ కోడలికీ మాట పట్టింపు వచ్చినది. వెలుగు ఎక్కువైతే మంచిదే గదా అని అతడు. ఆమె నర్సు. "రాత్రి వార్డులో పెద్ద లైటు క్రింద నుండి బయటికి వస్తే వరండాలో మెట్టు కనబడదు, నాకు తెలియదా" అన్నది. ఆమె చెప్పినదే నిజము. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట వరకు పట్టును. ఆ అలవాటు చెడడానికి ఒక్క క్షణము చాలును. డ్రైవరు కన్ను మీటరు మీదనుండి చీకటి రోడ్డు మీదికి పోయినప్పుడు, దీపము లేని సైకిలు మీద వచ్చేవాడు కనబడవలెను గదా. మీటరు కనబడేంత వెలుగు కావలెను గాని కండ్లలో నిలిచేంత వెలుగు వద్దు, అది తగ్గించుకొను వీలు చేతిలో ఉండవలెను. మేము కోడలి పక్షము చేరాము. తీగె బల్బులే మరల ఎక్కినవి.

మేము బయలుదేరే ముందు రాత్రి కోడలిని డ్యూటీకి ఆ బండిలోనే దింపి వచ్చాడు. ఆమె ఎక్కినది. మొన్న మావాడు ఫోను చేసి, "మామయ్యా, మీటర్లన్నీ చక్కగా కనబడుచున్నవి. కాని ఇప్పుడొక సంగతి బయటపడినది. పెట్రోలు మీటరు సగం ఉన్నదని చూపిస్తూ ఉండగానే బండి ఆగిపోయినది" అన్నాడు. ఇన్నాళ్లు చీకటిలో ఉండి ఎవరూ దాని మాట వినలేదు గాని, ఆ ముల్లు ఎప్పటి నుండి అబద్ధమాడుచున్నదో. ట్యాంకులోని తేలుబంతి చూడమని చెప్పాము.