ఇద్దరు అన్న లెక్క

ప్రతి తరానికీ ఒక దుర్దినం గుర్తుగా మిగులుతుంది. దాని ప్రస్తావన రాగానే "అప్పుడు నేను ఫలానా తరగతిలో ఉన్నాను" అంటూ ఎవరికి వారు జ్ఞాపకాల మూట విప్పుతారు. అయితే దేశాన్ని కుదిపిన నాయకుల మరణాలన్నీ బడివేళల్లో సంభవించలేదు. 1948 జనవరి 30న మహాత్ముడు నేలకొరిగేసరికి సాయంకాలం అయిదు దాటింది; పిల్లలు అప్పటికే ఇండ్లు చేరారు. 1964 మే 27న నెహ్రూ కన్నుమూసిననాడు మన బడులకు వేసవి సెలవులు. 1966 జనవరి 11న లాల్‌బహదూర్ శాస్త్రి తాష్కెంటులో అర్ధరాత్రి దాటాక మరణించారు. సంక్రాంతి పనుల్లో ఉన్న మన ఇండ్లకు ఆ వార్త తెల్లవారి రేడియోలో వచ్చింది. నల్లబల్ల మీద పాఠం సగంలో ఉండగా వచ్చిపడిన దుర్వార్త 1984 అక్టోబరు 31, బుధవారం నాటిది.

ఆ ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాల ప్రాంతంలో, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ రోడ్డులోని నివాస ప్రాంగణంలో ప్రధాని ఇందిరాగాంధీపై ఆమె అంగరక్షకులిద్దరు కాల్పులు జరిపారు. బి.బి.సి. వార్త చెవిన పడినవారికి మధ్యాహ్నానికే సంగతి తెలిసింది. ఆకాశవాణి మాత్రం సాయంకాలం దాకా మరణవార్తను ధ్రువపరచలేదు. ఈ నడుమనున్న గంటలే బడిగంటలు. ఏది నిజమో తెలియని ఆ వ్యవధిలో దేశంలోని కోట్లాది పిల్లలు తల్లిదండ్రుల వద్ద కాక ఉపాధ్యాయుల వద్ద ఉన్నారు.

మెదక్ జిల్లాలో చదువుకున్న మావంటివారికి ఈ వార్త మరింత దగ్గరిది. 1980 ఎన్నికలలో ఆమె రాయబరేలీ, మెదక్ రెండుచోట్లా గెలిచి, మెదక్ స్థానాన్నే నిలుపుకొన్నారు. మరణించిననాటికి ఆమె మా లోక్‌సభ సభ్యురాలు. మా బడి ఒక కర్మాగారపు కాలనీలో ఉండేది. దేశం నలుమూలలనుండి వచ్చిన ఉద్యోగుల పిల్లలం ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లం. మధ్యాహ్నం అన్నాల గంట తరువాత అటెండరు వచ్చి లెక్కల సారు చెవిలో ఏదో చెప్పి వెళ్లాడు. సారు సుద్దముక్క కింద పెట్టారు. కిటికీ అవతల కార్యాలయం అరుగు మీద పెద్దలు ఒక ట్రాన్సిస్టరు చుట్టూ గుమిగూడి ఉన్నారు. బడి మూసివేస్తారన్న గుసగుస పుట్టగానే, పిల్లల స్వభావం కొద్దీ, వెనుక బల్లల్లో చిన్నపాటి సంతోషం కూడా పుట్టింది. సారు దానికి కోపగించుకోలేదు.

కాల్చినవారు సిక్కులట అన్న మాట అప్పటికే అరుగు దాటి తరగతిలోకి వచ్చింది. మా తరగతిలో ఒక సిక్కు బాలుడున్నాడు. అతడు తల వంచుకొని పుస్తకాలు సర్దుకోసాగాడు. అప్పుడు సారు చెప్పిన మాటలు నాకు నేటికీ జ్ఞాపకం. "తుపాకి పట్టినవాళ్లు ఇద్దరని చెప్పుకుంటున్నారు బిడ్డలారా. ఇంటికి పోయి చెప్పేటప్పుడు మీరూ ఇద్దరనే చెప్పండి. ఆ లెక్కను పెంచకండి." అంతే చెప్పి, ఇద్దరు పెద్ద విద్యార్థులను పిలిచి, ఆ బాలుణ్ణి ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి రమ్మన్నారు.

ఆ లెక్క ఎంత గొప్పదో తరువాతి మూడు రోజులు తెలియజెప్పాయి. నవంబరు మొదటి మూడు రోజుల్లో ఒక్క ఢిల్లీలోనే 2,733 మంది సిక్కులు హతులయ్యారని అనంతరం అధికారికంగా నిర్ధారించారు. ఇద్దరి నేరాన్ని ఒక జాతికి అంటగట్టిన ఫలితమిది. యమునకు ఆవలి త్రిలోక్‌పురి వంటి పేటల్లో తండ్రులను పోగొట్టుకొన్న పిల్లలు సహాయ శిబిరాలలో తలదాచుకొన్నారు. వారి జ్ఞాపకాలలో అక్టోబరు 31 కంటె నవంబరు 1 పెద్ద దుర్దినం. వారిలో పదేండ్లవాడు, 2005 ఆగస్టులో ప్రధాని మన్మోహన్‌సింగ్ పార్లమెంటులో క్షమాపణ కోరేనాటికి ముప్పది దాటినవాడు. ఆ హింసాకాండకు సంబంధించిన ఒక కేసులో సజ్జన్‌కుమార్‌కు ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరులో యావజ్జీవ శిక్ష విధించేనాటికి నలుబది దాటినవాడు.

లెక్క సరిగా చెప్పడం వల్ల ప్రాణాలు దక్కిన సందర్భమూ మన చరిత్రలో ఉన్నది. గాంధీజీ హత్య జరిగిన సాయంకాలం, హంతకుడు ముస్లిం అన్న వదంతి పొడసూపింది. దేశవిభజన రక్తపాతం ఇంకా ఆరని రోజులవి. హంతకుడు హిందువని ఆకాశవాణి స్పష్టంగా ప్రకటించడంతో ఒక మహావినాశం తప్పింది. అయినా ఆ హంతకుని కులాన్ని పట్టుకొని మహారాష్ట్రంలో బ్రాహ్మణుల ఇండ్లపై దాడులు జరిగాయి. ఒకనికి పడవలసిన శిక్షను వేలమందికి పంచే ఈ అలవాటు ఏ ఒక్క మతానికీ, ఏ ఒక్క ప్రాంతానికీ చెందినది కాదు.

మన బడులలో ప్రతి ఉదయం పిల్లలు చెప్పే ప్రతిజ్ఞను ఇక్కడ తలచుకోవాలి. దానిని రచించినవారు నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. చైనా యుద్ధం జరిగిన 1962లో, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా తెలుగులో రాశారు. 1965 నుండి అది దేశమంతటా వ్యాపించింది. తోటి దేశవాసులందరినీ తోబుట్టువులుగా ఎంచాలన్నదే దాని సారం. 1984 అక్టోబరు 31 ఉదయం కూడా పిల్లలు చేతులు చాచి ఆ మాటలే పలికారు. అటువంటి మాటకు పరీక్ష ప్రార్థనా సమావేశంలో ఎదురుకాదు. మధ్యాహ్నం దుర్వార్త వచ్చినప్పుడు, పక్క బల్ల మీది బాలుని వంక తరగతి అంతా తిరిగి చూసినప్పుడు ఎదురవుతుంది.

నేడు వార్త కోసం ట్రాన్సిస్టరు చుట్టూ గుమిగూడనవసరం లేదు. ఉపాధ్యాయునికంటె ముందే పిల్లవాని చేతిలోని ఫోనుకు అది చేరుతుంది. వార్తతోపాటు వదంతీ చేరుతుంది. కనుక ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ మిగిలిన పని వార్త చెప్పడం కంటె పెద్దది. నేరం చేసినవారు ఎందరో అందరనే చెప్పాలి. తక్కినవారిని ఇంటి గుమ్మం దాకా దిగబెట్టి రావాలి.