నగిషీ తుపాకీ

పోయిన నెలలో ఒకనాటి రాత్రి తాండూరు నుంచి మా బావ ఫోను చేశాడు. "మా తాత తుపాకీ యాదికున్నదా? పట్నం నుంచి ఒకాయన వచ్చి చూసిండు. ఇట్లే ఇస్తే రెండు లక్షలట. నగిషీ కొత్తగా చెక్కించి, బంగారు నీళ్ళు పట్టిస్తే పన్నెండుకు పోతదట. ఖర్చు అరవై వేలు మనమే పెట్టుకోవాలె. నువ్వు జర వచ్చి చూసిపో."

తెలుగు ఎమ్మే చదివి పిల్లలకు ఛందస్సు చెప్పుకొనేవాడికి తుపాకీలతో యేం చుట్టరికమని మీరు అడగవచ్చు. పాత కావ్యంలో ఏ పద్యం కవిది, ఏది తరవాత మరొకరు దూర్చినది అని తేల్చుకోవటం మా వృత్తిలో భాగం. ఆ కంటితోనే పాత ఆయుధాల మీది పనితనాన్ని చూడటం నాకు ఇరవై యేళ్ళుగా వున్న పిచ్చి. అంతకు మించి అర్హత లేదు.

ఆదివారం వికారాబాదులో రైలెక్కాను. ఆ ఊరికి పేరిచ్చిన వికారుల్ ఉమరా ఫలక్‌నుమా మేడ కట్టించిన పాయెగా నవాబు. ఆ కాలపు ప్రభువులకు మేడలెంత ముచ్చటో వేట అంత ముచ్చట. మా బావ తాతగారు అటువంటి ఒక జాగీర్దారు దగ్గర వేట సరంజామా చూసుకొనేవాడు. 1949లో జాగీర్లు రద్దయినప్పుడు జాగీర్దారు ఈ తుపాకీని ఆయనకిచ్చాడని ఇంట్లో చెప్పుకొంటారు.

బావ తుపాకీకన్నా ముందు లైసెన్సు పుస్తకం తెచ్చి చూపించాడు. తండ్రి పోగానే తన పేరు మీదికి మార్పించుకొన్నాడు. గడువు తప్పనివ్వడు. మా అటకమీద కూడా తాతగారి తుపాకీ వుందని తీరిగ్గా చెప్పేవాళ్ళను చూశాను. 1959 నాటి ఆయుధాల చట్టం తాతలను మినహాయించలేదు సుమండీ!

ఇక తుపాకీ. చేతిపట్టు కింద మీట వున్నది. మీట వున్నవన్నీ ఒకటి కావు. 1871లో బ్రిటిషు సైన్యం తీసుకున్న మార్టినీ-హెన్రీకి కూడా మీట కిందనే. కాని దానిలో ఒక్కొక్క తూటా పెట్టుకోవాలి. దీనికి గొట్టం కింద రెండో గొట్టం వున్నది. తూటాలన్నీ దానిలో వరసగా కూర్చుంటాయి. మీట ఒకసారి కిందికి లాగి పైకి తోస్తే ఒకటి లోపలికి ఎక్కుతుంది. నడిమి పెట్టె ఇత్తడి రంగు కంచు. 1866 మాడలు వించెస్టరు. ఆ రంగును బట్టే అమెరికావాళ్ళు దీనికి "పసుపు కుర్రాడు" అని ముద్దుపేరు పెట్టుకొన్నారు. 1873లో వచ్చినదానికి పెట్టె ఇనుముది.

పెట్టె పూజగిన్నెలాగా తళతళలాడుతున్నది. నా గుండె జారింది.

"అక్కా, దీన్ని ఎవరైనా తోమారా?"

"ఎవరో ఏంది, నేనే. పెండ్లయి వచ్చిన కాడినుంచి దసరా ఆయుధపూజకు చింతపండు పెట్టి తోముతున్న. మా అత్త గూడ తోమేది."

డెబ్భై పైచిలుకు దసరాల చింతపండు! భూతద్దం పెట్టి చూస్తే ఎడమవైపు ఒక జింక కనిపించింది. కొమ్ములు మిగిలాయి, కాళ్ళు కరిగిపోయాయి. పెట్టె అంచులు సబ్బుబిళ్ళలా గుండ్రబడ్డాయి. లోహమూ కొయ్యా కలిసేచోట వేలితో నిమిరితే సమంగా వుండాలి. ఇక్కడ కొయ్య గట్టులాగా తగిలింది. అంతమేర లోహం అరిగిపోయిందన్నమాట.

అయినా పని ఎవరిదో చూడాలి గదా. తీగ పెట్టెమీద మొదలై, పక్కబిళ్ళ అతుకు దాటి, మరమేకు తలమీదుగా ఎక్కడా తెగకుండా సాగింది. గొట్టం మొదట్లో కంపెనీ అక్షరాలదాకా వచ్చి మర్యాదగా ఆగింది. తరవాత చెక్కేవాడు తరచు అక్షరాలమీదుగా గీసేస్తాడు. గొట్టానికున్న నీలిమెరుగు గాట్ల లోపలికి కూడా దిగింది. అంటే చెక్కిన తరవాతనే మెరుగు పెట్టారు. మెరుగుమీద చెక్కితే గాటు తెల్లగా బయటపడుతుంది. ఇది ప్రక్షిప్తం కాదనిపించింది. వించెస్టరు కంపెనీకి జాన్, కాన్రాడ్, హెర్మన్ అనే ఉల్‌రిక్ సోదరులు నగిషీ పని చేశారు. కొన్నిటిమీద సంఖ్య పక్కనే చిన్న అక్షరాలతో సంతకం పెట్టారు. దీనిమీద సంతకం లేదు. వుండినా చింతపండు వుంచేది కాదు.

"అయితే కొత్తగా చెక్కిస్తే మంచిదే గద మామా? బీదరు దగ్గరే, వెండితీగ పొదుగుతరు" అన్నాడు మేనల్లుడు. బిద్రీ పనికి జస్తం ఎక్కువ, రాగి తక్కువ వున్న పోత కావాలిరా, కోటమట్టితో నల్లబరచేది ఆ పోతనే, అన్నాను. అసలు సంగతి అది కాదు. 1873 మాడలు ఏడు లక్షలకు పైగా తయారైతే, గురి బాగా కుదిరిన గొట్టాలను ఏరి, "వెయ్యిలో ఒకటి" అని చెక్కి అమ్మినవి నూట ముప్పై చిల్లర మాత్రమే. ఆ మాటను దొంగతనంగా చెక్కించినవీ బజారులోకి వచ్చాయి. అందుకే కొనేవాడు నగిషీకంటె ముందు దాని పుట్టుక అడుగుతాడు. 2016లో 1886 మాడలు తుపాకీ ఒకటి అమెరికా వేలంలో 12 లక్షల 65 వేల డాలర్లు పలికింది. అది ఆ మాడలులో ఒకటో నంబరు. జెరోనిమోను వెంటాడిన కాప్టెన్ లాటన్‌కు స్నేహితుడు కానుకగా ఇస్తూ పేర్లు చెక్కించినది. ఎవరిది, ఎవరిచ్చారు అన్నదానికి అక్కడ ఆధారం వున్నది.

ఆ ధర చూసి మనం లొట్టలు వేసీ లాభం లేదు. నూరేళ్ళు దాటిన పురావస్తువును సొంతంగా దేశం దాటించటానికి 1972 చట్టం ఒప్పుకోదు. ఇక్కడ అమ్మాలంటే కొనేవాడికీ లైసెన్సు వుండాలి, అధికారులకు ముందుగా తెలపాలి. 2019 తరవాత ఒక మనిషికి రెండే తుపాకీలు. ఇన్ని గడపలు దాటి పన్నెండు లక్షలిచ్చే మహానుభావుడు ఎవరో ఆ పట్నం పెద్దమనిషి చెప్పలేదు. అరవై వేలు ఎవరి చేతికివ్వాలో మాత్రం చెప్పిపోయాడు. దానికోసం మా అక్క మెడలో గొలుసు తీసి బల్లమీద పెట్టివుంది. పిల్ల డాక్టరు చదువు ఫీజు ఆ పన్నెండు లక్షల మీద ఆనుకొని వున్నది.

"తియ్యి, మెడలో వేసుకో" అన్నాడు బావ. ఆ తరవాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

లేవబోతుంటే బావ లైసెన్సు పుస్తకం మడతల్లోనుంచి ఒక ఉర్దూ కాగితం తీశాడు. ఆయన ఉర్దూ మీడియం చదువు. జాగీర్దారు మొహరుంది. "పసుపు పెట్టె తుపాకీ ఒకటి" అని, కింద అయిదంకెల సంఖ్య! నేను మళ్ళీ కూలబడ్డాను. వించెస్టరు కంపెనీ పాత చిట్టాలు అమెరికాలో వయోమింగు రాష్ట్రం కోడీ పట్టణంలోని మ్యూజియంలో వున్నాయి. సంఖ్య పంపితే వివరం రాసిస్తారు. కాని 1866 మాడలుకు లక్ష దాటిన చివరి సంఖ్యలకే చిట్టాలు మిగిలాయి. మనదానికి ఈ కాగితమే సాక్షి.

తుపాకీ అడుగున, మీట వెనకాల పట్టీమీద నాలుగంకెలు సరిపోయాయి. అయిదోది మూడో ఎనిమిదో తెలియకుండా అరిగింది. మేనల్లుడు దీపాలార్పి టార్చిలైటు ఏటవాలుగా పట్టాడు.

"ఎనిమిది, మామా!"

కాగితంలోనూ ఎనిమిదే.

"మరి ఈ దసరాకేం చెయ్యాలె?" అన్నది అక్క.

"పొడిగుడ్డతో దుమ్ము దులుపక్కా. బొట్టు పుస్తకానికి పెట్టు. చింతపండు పులుసులో వెయ్యి."

ఫీజుకు గడువు ఇంకా మూడు వారాలున్నది. బావ బ్యాంకుకు వెళ్ళి అడుగుతానన్నాడు.