నిలకడ లేని సరుకుకు డబ్బు వాపసు రావలసిందే

పల్నాడు పల్లెలకు ఇప్పుడు సరుకు సంతలోనుంచే గాక సెల్‌ఫోనులోనుంచి కూడా వస్తున్నది. నరసరావుపేట బజారులో దొరకని వస్తువు సైతం మాచర్ల, గురజాల ప్రాంతాల మారుమూల గ్రామాలకు పార్సిలుగా చేరుతున్నది. ఇది సంతోషించదగిన విషయమే. అయితే వచ్చిన సరుకు చెడ్డదైనప్పుడు దానిని తిప్పి పంపి డబ్బు రాబట్టుకోవడం మాత్రం గ్రామీణులకు గగనమవుతున్నది. కంప్యూటరులో వాడే గ్రాఫిక్స్ కార్డు వంటి ఖరీదైన సామాను విషయంలో ఈ అవస్థ మరీ ఎక్కువ.

కంప్యూటరు తెరమీద కనిపించే బొమ్మను తయారు చేసే భాగమే గ్రాఫిక్స్ కార్డు. ఉత్తరాలు, జమాఖర్చులు రాసుకునేవారికి ఇది విడిగా అవసరం లేదు. పెళ్ళి వీడియోలు కూర్చే స్టూడియోలకు, ఫ్లెక్సీలకు డిజైన్లు వేసేవారికి, ఇంజనీరింగు చదివే పిల్లలకు ఇది కావాలి. ఇరవై, ముప్పై వేలు పోయనిదే ఓ మోస్తరు కార్డు రాదు. అప్పు చేసి స్టూడియో పెట్టుకున్న యువకుడు పెళ్ళిళ్ళ రోజుల్లో, కోటప్పకొండ తిరునాళ్ళప్పుడు నాలుగు డబ్బులు చూస్తాడు. ఆ సమయానికి కార్డు మొరాయిస్తే కార్డు డబ్బుతోపాటు ఆ సీజను సంపాదన కూడా పోయినట్లే.

పూర్తిగా చచ్చిన కార్డుతో పెద్ద పేచీ లేదు. ఎవరు చూసినా పనిచేయడంలేదని తెలిసిపోతుంది. చిక్కంతా నిలకడ లేని కార్డుతోనే. చల్లగా ఉన్నంతసేపు అది చక్కగా నడుస్తుంది. పని పెరిగి వేడెక్కగానే తెర నల్లబడుతుంది, రంగురంగుల గీతలు పడతాయి, లేదా కంప్యూటరు తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవుతుంది. దానిని సర్వీసు కేంద్రానికి పంపితే అక్కడ చల్లని గదిలో కాసేపు నడిపి చూసి, లోపమేమీ లేదని తిప్పి పంపే అవకాశం ఉన్నది. ఈలోగా వాపసు గడువు ముగుస్తుంది. ఆ తర్వాత ఎన్ని ఫోన్లు చేసినా దున్నపోతు మీద వాన కురిసినట్లే.

ఆగి ఆగి పనిచేసే వస్తువు కూడా చెడ్డ వస్తువే. పది తడవల్లో ఏడు తడవలు మాత్రమే నీరు తోడే మోటారును మంచి మోటారని ఏ రైతూ ఒప్పుకోడు. చట్టం చెప్పేది కూడా ఇదే. నాణ్యతలో, ప్రమాణంలో ఏ కొరత ఉన్నా అది లోపమే అని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచించింది. ఆ లోపం ఇరవైనాలుగు గంటలూ కనిపించి తీరాలని ఎక్కడా చెప్పలేదు.

2020 జూలైలో వచ్చిన ఇ-కామర్స్ నిబంధనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. లోపమున్న సరుకును, నకిలీ సరుకును, ప్రకటనలో చెప్పిన గుణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని గాని, డబ్బు తిరిగి ఇవ్వనని గాని అమ్మకందారు అనరాదు. ఆన్‌లైన్ సంస్థ తన ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను నంబరు ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్లు ఆ అధికారి 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. అమ్మినవారి పేరు, చిరునామా కూడా కొనేవారికి కనబడాలి. కనుక “మేము మధ్యవర్తులం మాత్రమే” అని సంస్థ, “సంస్థను అడగండి” అని అమ్మకందారు బంతాట ఆడడం చెల్లదు.

“స్టూడియో వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారు కారు” అనే వాదన కూడా రావచ్చు. దీనికి బెదరనక్కరలేదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే వస్తువును కొని వాడుకునే వ్యక్తి వినియోగదారే అని చట్టంలోనే వివరణ ఉన్నది.

మన రైతులకు ఈ పోరాటం కొత్తది కాదు. మొలకెత్తని విత్తనం, కాపు రాని విత్తనం మిర్చి, పత్తి పండించే పల్నాడుకు తెలియనివి కావు. విత్తనాలు లోపమున్నవని ఆంధ్రప్రదేశ్ రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌పై పెట్టిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. నమూనాను లేబొరేటరీలో పరీక్షించలేదని ఆ సంస్థ వాదించింది. కొన్న విత్తనమంతా చల్లేసే రైతును పరీక్షకోసం కొంత దాచిపెట్టమనడం సబబు కాదని 2012లో సుప్రీంకోర్టు రైతుల పక్షాన తీర్పు చెప్పింది. కొనుగోలుదారుకు సాధ్యంకాని రుజువు అడగరాదన్నదే ఇందులోని నీతి. కార్డు విషయంలో రుజువు సాధ్యమే. పరీక్ష లేనిదే లోపం తేలనప్పుడు సరుకును తగిన లేబొరేటరీకి పంపే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉన్నది. అమ్మినవారి సర్వీసు కేంద్రం మాటే ఆఖరి మాట కాదు.

అయితే కొనేవారి బాధ్యత కూడా లేకపోలేదు. కార్డుకు తగినంత కరెంటు ఇవ్వలేని పవర్ సప్లై పెట్టి, తప్పు కార్డుదనడం న్యాయం కాదు. కార్డు సరిగా కూర్చున్నదా, ఫ్యాన్లు తిరుగుతున్నాయా, కరెంటు హెచ్చుతగ్గులున్నాయా అని మొదట చూడాలి. ఆ కార్డునే మరో మంచి కంప్యూటరులో పెట్టి చూస్తే సంగతి చాలావరకు తేలిపోతుంది. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటా ప్రసిద్ధమే గనుక అమ్మినవారు తప్పును ఎండమీదికి నెట్టవచ్చు. దేశమంతటా అమ్మే సరుకు దేశంలోని వేసవికి తట్టుకోవాలి గదా!

పార్సిలు సీలు విప్పడం మొదలు కార్డుమీది సీరియల్ నంబరు దాకా వీడియో తీసుకోవాలి. తెర చెడినప్పుడల్లా తేదీ, వేళ తెలిసేలా మరో వీడియో తీయాలి. బిల్లు, పెట్టె, లోపలి సంచి పారవేయరాదు. స్క్రూలు విప్పరాదు. ఫోనులో మాట్లాడి ఊరుకోక రాతపూర్వకంగా ఫిర్యాదు పంపి, దాని నంబరు దాచుకోవాలి. సరుకు తిప్పి ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోవాలి. ఇవన్నీ వాపసు గడువు లోపలే జరగాలి. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే డిజిటల్ నాణెం తయారీకి ఈ కార్డుల అవసరం లేకుండా పోయాక, రాత్రింబవళ్ళు నడిచిన పాత కార్డులు ప్రపంచమంతటా సెకండ్ హ్యాండ్ బజారులోకి వచ్చాయి. మరీ చౌకగా వస్తున్నదంటే అది కొత్తదో, వాడినదో ముందే అడిగి రాయించుకోవడం మేలు.

మరో ప్రమాదం కూడా పొంచి ఉన్నది. డబ్బు వాపసు కోసం ఇంటర్నెట్‌లో కనిపించిన నంబరుకల్లా ఫోను చేస్తే మోసగాళ్ళ చేతిలో పడవచ్చు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టే పనిలేదు. పిన్ అడిగినవాడు ఇచ్చేవాడు కాదు, పట్టుకుపోయేవాడు. అలా డబ్బు పోయినవారు ఆలస్యం చేయక 1930కి ఫోను చేయాలి.

సంస్థ వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉన్నది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. అమ్మినవారు ఢిల్లీలో ఉన్నా, బెంగుళూరులో ఉన్నా, కొన్నవారు నివసించే ప్రాంతపు కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. సరుకు ఖరీదు ఐదు లక్షలు దాటనంతవరకు ఫీజు లేదు. ప్లీడరును పెట్టి తీరాలన్న నియమమూ లేదు. ఫిర్యాదును ఇ-జాగృతి ద్వారా ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. గడువు రెండేళ్ళు. సరుకు మార్చి ఇవ్వాలని గాని, డబ్బు తిరిగి ఇవ్వాలని గాని ఆదేశించి, నష్టపరిహారం ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉన్నది.

ఇంతటి చట్టం ఉండి కూడా అది పల్లెకు తెలియకపోవడం శోచనీయం. ఏటా డిసెంబరు 24న వినియోగదారుల దినోత్సవం పేరిట సభలు జరిపితే సరిపోదు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడిన తర్వాత పాలన ప్రజలకు చేరువైందంటున్నారు గనుక ఆ చేరువ ఇక్కడా కనిపించాలి. గ్రామాల్లోని సచివాలయ సిబ్బంది అడిగినవారికి ఇ-జాగృతిలో ఫిర్యాదు నింపి పెట్టేలా జిల్లా అధికారులు ఆదేశాలివ్వాలి. 1915, 1930 నంబర్లను ప్రతి సచివాలయం గోడమీద, ప్రతి కళాశాల నోటీసు బోర్డుమీద రాయించాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

ముప్పై వేల కార్డు కొనే యువకుడికీ, మూడు వందల మిక్సీ గిన్నె కొనే గృహిణికీ వర్తించే చట్టం ఒక్కటే. బజారు కొట్టులో సరుకు చెడితే మర్నాడే వెళ్ళి నిలదీసే మనవాళ్ళు ఫోనులో కొన్నదానికి నోరు మూసుకుని ఊరుకోనక్కరలేదు. బిల్లు చేతిలో పెట్టుకుని గట్టిగా అడగాలి.