నరసింహారెడ్డి వెంట నడచినవారెవరు?

వెలిగొండల తూర్పునీడలో, భైరవకోనకు పొరుగున నున్న చంద్రశేఖరపురమునందు ఒక గృహస్థుడు, తన వంశమున ఆఱుతరముల వెనుకటి పెద్ద యొకడు గిద్దలూరు పోరులో కత్తిపట్టి నిలిచెనని వినియున్నాడనుకొందము. ఆ మాటకు ఆధారము చూపుమన్నచో అతడు ఏ కచ్చేరి గుమ్మము త్రొక్కవలెను? ఒంగోలా, కర్నూలా, నెల్లూరా, కడపయా? మన వీరులకు విగ్రహములెత్తుటయందు చూపు ఉత్సాహములో పదియవవంతైనను ఈ ప్రశ్నపై చూపినవారము కాము.

పోరు కథ తెలియనివారు తక్కువ. 1800లో దత్తమండలములు నిజాము చేతినుండి కుంపిణీ చేతికి వచ్చినవి. నాడు మన్రో దొర లెక్కించిన పాళెగాండ్రు ఎనుబదిమంది. కోటలు పోయి, కావళ్లు పోయి, వారిలో పెక్కండ్రకు మిగిలినది నెలభరణమొక్కటే. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ముట్టుచుండినది నెలకు పదునొకండు రూపాయల పైచిల్లర. మాతామహుడగు నొస్సం జయరామిరెడ్డి వంశపు భరణము ఆగిపోగా, అందు తనకు రావలసిన భాగము నడిగి లేదనిపించుకొనెను. 1846లో కోయిలకుంట్ల ఖజానాపై పడినది ఆ అవమానమే. ఆ జూలై మాసమున గిద్దలూరు చెంత వాట్సను దళముతో తలపడెను. అక్టోబరులో పేరుసోమల కొండలలో పట్టుపడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీని కోయిలకుంట్లలో ఉరితీయబడెను. ఆ శిరస్సును కోటకొమ్మున 1877 వఱకు వ్రేలాడనిచ్చిన ప్రభుత్వపు నాగరికతను గూర్చి వేఱుగ వ్రాయనక్కరలేదు.

భరణము పుచ్చుకొన్నవాడు గనుక నరసింహారెడ్డి పేరు సర్కారు పద్దులకెక్కినది. ఎవరి మనుమడో, ఎవరి కొడుకో ఆ పద్దే చెప్పుచున్నది. మఱి వెంట నడచినవారి మాట యేమి? వారిలో పలువురు కట్టుబడి బంట్రోతులు. ఊరి కావలి కాచి, మాన్యపు చెక్క దున్నుకొని బ్రదికినవారు. ఆ మాన్యములు చేజాఱగా రెడ్డి పిలుపున కొండలెక్కిరి. విచారణకు గుఱియైనవారు వందలకొలది. ఇందఱ యిండ్లలో ఎన్ని దీపములు ఆఱినవో మన పుస్తకములు చెప్పవు. 2019లో ఈ కథ చలనచిత్రమైనప్పుడు, నాయకుని వంశీయులమని కొందఱు న్యాయస్థానము వఱకు వెళ్లిరి. అనుచరుల పక్షమున నోరెత్తుటకు ఎవ్వరును రాలేదు. తమ పూర్వుడు అందున్నాడని ఎఱిగినవాడే లేనప్పుడు వచ్చువాడెవ్వడు?

వెదకువానికి మొదటి చిక్కు జిల్లాల సరిహద్దులు. నరసింహారెడ్డి కర్నూలు వీరుడని వాడుక. కాని 1846లో కోయిలకుంట్ల, కంభము, మార్కాపురము మూడును కడప జిల్లాలోనివి. కర్నూలులో కలిసినది 1858లో. కావున ఆ తిరుగుబాటు కాగితములు కడప కలెక్టరు దస్త్రములలోను, చెన్నపట్టణపు ఎగ్మోరునందలి పత్రభాండాగారమున రెవిన్యూబోర్డు కట్టలలోను వెదకవలసినవి. గిద్దలూరు, మార్కాపురములు 1970లో ఒంగోలు జిల్లాకు మాఱినవి. చంద్రశేఖరపురమున్న కనిగిరి ప్రాంతమో, అదే సంవత్సరము నెల్లూరు నుండి అందు చేరినది. కొండ దాటి పడమటినుండి తూర్పునకు వచ్చి స్థిరపడిన కుటుంబము చరిత్ర అందువలన రెండు మూడు జిల్లాల దస్త్రములలో చీలియుండును.

రెండవ చిక్కు మనము కల్పించుకొన్నది. శిక్షపడినవారిని అండమానులకు పంపిరని సభలలో చెప్పుచున్నారు. అండమానున దండితుల వలస నెలకొన్నది 1858లో. 1847లో తీర్పుపొందినవాడు అచ్చటికెట్లు పోవును? ఆ దినములలో చెన్నరాజధానినుండి ద్వీపాంతరశిక్షపై పోయినవారి ఓడలు పినాంగు, సింగపూరుల దిక్కున సాగుచుండినవి. పోయినవాడు పినాంగు బాటలు వేయుచు ప్రాణము విడిచెనేమో, అచ్చటనే సంసారము కట్టెనేమో! అండమాను పట్టికలు ఎన్ని తిరుగవేసినను అతడు దొరకడు.

దారి మాత్రము మూసికొనిపోలేదు. 1858 పిమ్మట ఇనాము కమిషనువారు ఊరూర మాన్యములను విచారించి పట్టికలు వ్రాసిరి. అనుభవదారుని పేరు, మాన్యము ఎవరి కాలమున ఎందుకు ఇయ్యబడినది, అందులో కననగును. తిరుగుబాటు ముగిసి పండ్రెండేండ్లయినను కాలేదు గనుక, కట్టుబడి మాన్యమున్న గ్రామమున ఆనాటి కుటుంబముల జాడ అందు దొరకుట సహజము. ఆ పట్టికను కడప విచారణ కాగితములతో సరిపోల్చి చూడవలెను.

ఓర్వకల్లు విమానాశ్రయమునకు 2021లో నరసింహారెడ్డి పేరు పెట్టిరి. సంతోషమే. దాని వ్యయములో లవలేశము చాలును, శిక్షితుల పేరులను, వారి వారి గ్రామములను తెలుగున అచ్చొత్తించుటకు. కోయిలకుంట్లనుండి కంభము మీదుగా వెలిగొండల తూర్పు పల్లెల దాక ప్రతి పాఠశాలకును ఒక్కొక ప్రతి పంపవలెను. పేరు చూచి మా ముత్తాతయే యని లేచువాడు ఒక్కడుండినను, ఆ యింట దాచిన పాత పట్టా కాగితము వెలికివచ్చును.