సిమెంటుకున్న బీమా కూలీకి ఏది?

దక్షిణ అండమాన్, ఫెర్రార్‌గంజ్ తహసీల్‌లోని మా తుష్నాబాద్‌లో ఇల్లు లేస్తుంటే నలుగురైదుగురు కూలీలు, ఒక మేస్త్రీ ఉంటారు. హెల్మెట్టూ, హాజరు పుస్తకమూ మాత్రం నాకు కనబడవు. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. కూలి కోసం ఓడెక్కి వచ్చిన కుటుంబాలు వారిలో ఎన్నో.

చట్టం వీళ్ల దాకా రాదు. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం పదిమంది కంటే తక్కువున్న పనిచోటును, పది లక్షల లోపు సొంతింటిని వదిలేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఆ పది లక్షలను యాభై లక్షలు చేసింది. భద్రతా అధికారిని పెట్టాలంటే 250 మంది కార్మికులుండాలి. భూకంప ముప్పులో అయిదో జోన్‌లో ఉన్న దీవి ఇది. ఇక్కడ పరంజీ మీది మనిషికి రక్షణ, పక్కన ఎంతమంది ఉన్నారన్న లెక్కను బట్టి ఉండాలా?

పెద్ద కాంట్రాక్టుల్లో బీమా ఉంటుంది. ‘కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్’ పాలసీ కట్టడాన్నీ, సిమెంటునూ, ఇనుమునూ కాపాడుతుంది. దారిన పోయేవాడికి దెబ్బ తగిలినా చెల్లిస్తుంది. కాంట్రాక్టరు సొంత కూలీకి మాత్రం వర్తించదు. అతని కోసం విడిగా పరిహార పాలసీ తీసుకోవాలి. తక్కువ రేటు వేసినవాడికే పని దక్కే టెండరులో ముందుగా కోతపడేది ఆ ఖర్చే.

బదులుగా ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించుకోమంటారు. ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు. 1923 నాటి పరిహార చట్టం సూత్రంతో లెక్కేయండి: ముప్పై ఏళ్లవాడు, నెలకు 15,000 జీతం, అందులో సగాన్ని 207.98తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. మొదటిదానికి ప్రీమియం కూలీ కడతాడు. రెండోది యజమాని బాధ్యత. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని మరిపించడం మోసం.

1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చినప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ బాబాసాహెబ్ చేతిలో ఉంది. బొగ్గుపై సెస్సు వేసి కార్మికుడి బాగుకు ఖర్చు పెట్టాలన్నది దాని సూత్రం. నిర్మాణ సెస్సు కూడా ఆ దారిలోనిదే. కానీ దాని ఫలం అందాలంటే కూలీ ఏడాదిలో 90 రోజుల పని చూపాలి. హాజరే రాయని చోట ఏం చూపుతాడు?

మరో మాట. అండమాన్‌లో షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. శ్రీకాకుళంలో మాలో మాదిగో అయిన మనిషి ఇక్కడ రికార్డుల్లో కులంలేని కూలీ. పరంజీ మీంచి పడేవాళ్లు ఏ కులాలవాళ్లో ప్రభుత్వ లెక్క చెప్పదు.

నా డిమాండ్లు మూడు. కూలీల పరిహార పాలసీ చూపనిదే ఇంటి అనుమతిగానీ కాంట్రాక్టు బిల్లుగానీ కదలకూడదు. పదిమంది పరిమితి పోవాలి. ప్రతి ప్రమాదాన్నీ బాధితుడి సొంత రాష్ట్రం, కులంతో సహా నమోదు చేయాలి. ఈ మూడోదానికి ప్రభుత్వం కోసం ఆగక్కర్లేదు. విశ్వవిద్యాలయాల్లోని మన పరిశోధకులు ఇవాళే మొదలుపెట్టవచ్చు.