పాత ఫియట్టు, కొత్త నిబంధనలు

ఫెరారీ, ఆల్ఫా రోమియో వంటి ఇటలీ పందెపు కార్లు ఉత్తరాంధ్రమునకు పత్రికలలోని బొమ్మలుగానే పరిచయము. ఇటలీ పనితనము ఇచ్చటి వీధులకు వచ్చినది ఫియట్టు రూపముననే. 1953లో ట్యూరిన్ నగరమున వెలువడిన ఫియట్ 1100-103ను, మరుసటి సంవత్సరము నుండి బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు కూర్చి అమ్మసాగిరి. 1964లో 1100-డి వచ్చినది. అదియే పిమ్మట ప్రీమియర్ ప్రెసిడెంట్ అనియు, 1970 దశకమున ప్రీమియర్ పద్మిని అనియు పేరు మార్చుకొని, 1089 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో, స్టీరింగు ప్రక్కనే గేరు కర్రతో శతాబ్ది చివరివరకు సాగినది. సంసారపక్షపు బండి యని పేరే గాని దీనికి పందెపు చరిత్ర లేకపోలేదు. 1927 నుండి 1957 వరకు ఇటలీలో జరిగిన మిల్లె మిల్యా పందెమున 1100లును పరుగెత్తినవి. 1977లో ఆరంభమైన దాని స్మారక యాత్రలో నాడు పాల్గొన్న తరహా కార్లకే ప్రవేశము.

విజయనగరము, శ్రీకాకుళములలో పెంకుటిండ్ల ప్రక్క రేకుల షెడ్లలో ఈ కారు ఇంకను మిగిలియున్న ఇండ్లకు ఇప్పుడొక చిక్కు వచ్చిపడినది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పురాతన వాహనములకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించినది. తొలి రిజిస్ట్రేషను నాటి నుండి ఏబది యేండ్లు దాటి, మూలరూపముతో నున్న బండికి 20,000 రూపాయల రుసుముపై పది సంవత్సరముల ప్రత్యేక నమోదు లభించును. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప నిత్యవినియోగమునకు దానిని రోడ్డెక్కింపరాదు. ఇంతవరకు సబబే. కాని 1985లో కొన్న పద్మినికి ఈ గౌరవము 2035 దాక లేదు. నడుమ అయిదేండ్లకొకసారి దాని రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెను. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుండి 5,000 రూపాయలకు పెరిగినది. 2025 ఆగస్టులో ఇరువది యేండ్లు దాటిన కార్లకు 10,000 అయినది. ఏబదియవ యేట పూలమాల వేయదలచిన చేయియే ఇరువదియవ యేట తుక్కుదుకాణమునకు దారి చూపుచున్నది. తాతగారు కొన్న బండిని ఆ నడిమి కాలము పోషించుట ఒక గుమాస్తాకో, బడిపంతులుకో ఎంత భారమో చెప్పనక్కరలేదు.

అంతకంటె చిక్కైనది మూలరూపమను మాట. చాసిస్, బాడీ, ఇంజనులలో మార్పు జరిగిన బండి నిబంధన ప్రకారము పురాతన వాహనము కాదు. ఫియట్టునకు వేరుగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. కళింగపట్నము మొదలు భీమునిపట్నము వరకు సముద్రపు ఉప్పుగాలి మొట్టమొదట తినునది నేలరేకును, తలుపుల క్రింది అంచులను. ఆ రేకు కోసి కొత్తది అతికినచో అది మరమ్మతా, మార్పా? అతుకకున్న బండి నిలువదు; అతికిన నమోదు పోవునేమో యను భయము. పాత కార్ల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ఆమోదించిన ట్యూరిన్ శాసనపత్రము ఈ విషయమున మరింత వివేకము చూపినది. ఉన్నదానిని కాపాడుట వేరు, పోయినదానిని పునరుద్ధరించుట వేరు అని విభజించి, కొత్తగా వేసిన భాగములపై పైకి కనబడని గుర్తు చెక్కవలెనని సూచించినది. దాచుట కాదు, ఒప్పుకొనుట దాని పద్ధతి.

తొలినాటి 1100లలో ముందు తలుపులకు కీలు వెనుకవైపున ఉండెడిది. ఆ తలుపును ఇప్పటి వాడుకకు అనుకూలముగా త్రిప్పి బిగించినవాడు సౌకర్యము చేసితిననుకొనును. నిజమునకు ఆ కారు పుట్టిన తేదీనే చెరిపివేసినాడు. మెరుపురంగులు, ప్లాస్టిక్ అలంకారములు, డీజిలు ఇంజను కూడ ఇట్టివే. అయితే ఇందులో మెకానిక్కును తప్పుపట్టుట అన్యాయము. కార్బ్యురేటరు భాగము దొరకని చోట చేతికందినది వేసి బండిని నడిపించినవాడతడే. అతడే లేకున్న నేడు వాదించుటకు బండియే ఉండెడిది కాదు.

దొరకని భాగమును చేసికొనగల చేతులు ఈ నేలకు కొత్తవి కావు. గొల్లపల్లిలో ఒకే పనసమ్రానుతో బొబ్బిలి వీణ తొలుచువారును, బూడితిలో ఇత్తడి పోతపోయువారును కొలత తప్పని పనివారే. ఇనుము వేరు, ఇత్తడి వేరు, నిజమే. కాని పాతదానిని ఎదుట పెట్టుకొని అట్టిదే మరియొకటి చేయు ఓర్పు ఒక్కటే. దరఖాస్తులను పరిశీలించు సంఘమును రాష్ట్రములే నియమింపవలెనని నిబంధన. అందులో అధికారులతోపాటు, నలుబదియేండ్లు ఫియట్టు బానెట్టు క్రింద తలదూర్చిన ఒక మేస్త్రీకి కుర్చీ వేసినచో, అతికిన రేకునకును మార్చిన రేకునకును భేదము అతడు చేతితో తడిమియే చెప్పగలడు.